పటం వెనక మీట

ఆషాఢ బహుళ అష్టమి

పొద్దున్నే గట్టెక్కి నాలుగు పంపులూ చూసొచ్చాను. మూడు తిరుగుతున్నాయి. నాలుగోది బోలెడంత చప్పుడు చేస్తోంది గానీ చుక్క నీరు తోడటం లేదు, అచ్చం మా అధ్యక్షులవారిలాగే. ఇలాంటివి ఆఫీసు దినచర్యలో రాయకూడదని తెలుసు. కానీ దీన్ని తనిఖీ చేసే అధికారిని కూడా నేనే కాబట్టి రాస్తున్నాను. మొగలిలంక గణతంత్ర రాజ్యంలో కరెంటు శాఖ, కరకట్ట శాఖ, విదేశాంగ శాఖలో సగం నా ఒక్కదాని నెత్తినే ఉన్నాయి. మిగతా సగం విదేశాంగం, అంటే పొరుగు లంకల్లో పెళ్ళిళ్ళకి వెళ్ళి భోంచేసి రావడం, అధ్యక్షులు వీర్రాఘవులుగారు స్వయంగా చూసుకుంటారు.

గట్టుకి అవతల నీళ్ళు మా ఇంటి చూరుకన్నా ఎత్తులో ఉన్నాయి. ఇందులో కొత్తేమీ లేదు. నేను పుట్టేనాటికే సముద్రం గోదారి నోట్లోకి వచ్చి కూర్చుంది. లంకలన్నీ విడివిడి దేశాలై, ఎవరి జెండా వాళ్ళు కుట్టించుకున్నారు. మాది అరటాకు రంగు జెండా. మా మేనత్తగారి ఊరు ఇప్పుడు పరదేశం. ఆవిడకి ఆవకాయ ఇచ్చి రావాలంటే వీసా కావాలి. వీసా మీద ముద్రతో పాటు పసుపు బొట్టు కూడా పెడతారు.

పంపులు తోడినంతకాలమే మాకు దేశం. ఉప్పునీళ్ళు ఒక్కసారి నేలలోకి దిగితే ఏడేళ్ళు గడ్డి కూడా మొలవదు. అన్నిటికంటే పల్లం మా వీధి. మా ఇంటి వెనకే మా ఆయన సుందర్రావు నారుమళ్ళున్నాయి. లంక మొత్తానికి వరినారు అక్కణ్ణుంచే వెళ్తుంది. అవి పోతే వచ్చే ఏడు లంకలో అన్నం లేదు.

నిన్నటి గాలివానకి పెద్ద గాలిమర రెక్క విరిగింది. చిన్న మరలతో మూడు పంపులు నడవాలంటే గాలి గట్టిగా వీయాలి. గాలి పడిపోతే ఒక్కటే నడుస్తుంది. ఆ సంగతి అధ్యక్షులకి చెప్పాను.

"చూద్దామండీ సత్యవేణిగారూ," అన్నారు. ఆయన చూద్దామన్నవి చాలా ఉన్నాయి. అన్నీ అలాగే చూస్తూ ఉన్నాయి.

ఆషాఢ బహుళ ద్వాదశి

ఐదు లంకల విద్యుత్ సమన్వయ మండలి సమావేశం నది మధ్యలో పంటు మీద జరిగింది. ఏదో ఒక లంకలో పెడితే ఆ లంకవాళ్ళు అతిథులకి పెట్టినట్టు, మిగతావాళ్ళు తిన్నట్టు అవుతుంది. అందుకని ఎవరికీ చెందని నీళ్ళ మీద పెట్టుకుంటాం. ఐదు దేశాలూ ఐదుగురు వంటవాళ్ళని తెచ్చాయి. మొదటి అంశం దగ్గరికి వచ్చేసరికి పూర్ణాలు మూడోసారి వడ్డించారు.

పంటు మీది పందిరి గుంజకి ప్రణాళిక మ్యాపు తగిలించారు. నది మధ్యలో టవరు, దానికి ఐదు లంకల నుంచి ఐదు లైన్లు. లైను మీద కరెంటు ఎటు వెళ్తుందో చూపించే బాణాలు ఐదూ లంకల నుంచి టవరు వైపే ఉన్నాయి. టవరు నుంచి బయటికొచ్చే బాణం ఒక్కటి లేదు. లైన్లు వేసి పదేళ్ళు దాటినా వాటిలో ఇంతవరకూ ఏమీ ప్రవహించకపోవడానికి కారణం అదే. నేను లేచి, అందరూ ఇచ్చేవాళ్ళే అయితే పుచ్చుకునేది ఎవరని అడిగాను.

కాసేపు ఎవరూ నమలలేదు. కార్యదర్శి గంగాధరంగారు జీలుగులంక మనిషి, పెద్దాయన. నన్ను పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పారు.

"అలాగనకూడదమ్మా. ఫలానా లంక పుచ్చుకుంటాది అని రాశామనుకో, ఆ లంకకి లేదని మనం దండోరా వేసినట్టే కదా. అంత మాట ఎవర్నంటాం చెప్పు."

"మరి టవరు ఎందుకు కట్టామండీ?"

"ఇవ్వడానికి," అన్నారాయన. నా ప్రశ్న ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

తరవాత ఒక్కో దేశం తన మిగులు కరెంటు ఎంతో ప్రకటించింది. మా అధ్యక్షులు లేచి అందరికన్నా ఎక్కువ ప్రకటించారు. ఆయన కండువా కొస పట్టుకు లాగాను. కండువా నా చేతిలోకి వచ్చింది గానీ ఆయన ఆగలేదు.

పొన్నలంక లోవమ్మగారు నా పక్కనే కూర్చున్నారు. అక్కడి కరెంటు గది ఆవిడదే. రోజూ ఫోనులో మాట్లాడుకుంటాం. వాళ్ళది తమలపాకు తోట, గట్టు కిందే. ఎప్పుడు కలిసినా అడక్కుండానే నా సంచీలో ఆకుల కట్ట పెట్టేస్తారు. ఈవేళా పెట్టి, చెవి దగ్గరికొచ్చి అడిగారు.

"మీకు మర రెక్క పోయిందంట కదండీ?"

"అబ్బే, లేదండి. తుడవడానికి దింపాం."

నోటికి అలా వచ్చేసింది. పంటు దిగేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

శ్రావణ శుద్ధ పంచమి

మా కరెంటు గదిలో టవరు లైనుకి రెండు మీటలున్నాయి. ఒకదాని కింద 'ఇచ్చుట' అని, రెండోదాని కింద 'పుచ్చుకొనుట' అని ఇత్తడి అక్షరాలతో రాసి ఉంది. ఇచ్చుట మీటని రోజూ చింతపండుతో తోముతారు. పుచ్చుకొనుట మీట ఎవరికీ కనబడదు. దాని మీద లక్ష్మీదేవి పటం తగిలించి ఉంది. ఇలాంటి మీట మన గదిలో ఉందని తెలిస్తే పరువు పోతుందని నాకు ముందున్నాయన తగిలించాడు. అన్ని లంకల్లోనూ ఇదే వరస. పొన్నలంకలో ఏడుకొండలవాడు, జీలుగులంకలో ఆంజనేయస్వామి. మీటకి దేవుణ్ణి కాపలా పెట్టినవాళ్ళం ప్రపంచంలో మేమే అయి ఉంటాం.

అధ్యక్షుల ఇంటికి వెళ్ళి, వచ్చే అమావాస్య పోటుకి మూడు పంపులూ కలిసి తిరక్కపోతే మా పల్లపువీధి మునుగుతుందని చెప్పాను. శ్రావణం చివర్లో గాలి పడిపోతుందని కూడా చెప్పాను.

"కొంచెం తక్కువ తోడితే సరిపోదంటారా?"

"నాకేం అభ్యంతరం లేదండి. ఆ మాట సముద్రంతో కూడా ఒకసారి అనండి."

ఆయన నవ్వలేదు. అరుగు మీద కూర్చుని చెప్పారు.

"మా నాన్నగారు ఎవరింటికెళ్ళినా తినేసొచ్చానండి అనేవోరు. పొద్దుట్నించీ ఏమీ తినకపోయినా సరే. కాళ్ళు తేలిపోతున్నా సరే. నేను ఆ ఇంట్లో పుట్టినోణ్ణండి. మాకు కరెంటు లేదు, కాస్త పెట్టండి అని ఈ నోటితో ఎలా అడగమంటారు?"

కోపం తెచ్చుకుందామని వెళ్ళాను గానీ రాలేదు. నేను మాత్రం రెక్క తుడవడానికి దింపామని చెప్పలేదా.

శ్రావణ పౌర్ణమి

పున్నమి పోటు వచ్చింది. పల్లపువీధిలో పాదం మునిగేంత నీరు చేరి, తెల్లారేసరికి పోయింది. నారుమళ్ళలో గట్టు వెంబడి ఒక వరస ఎర్రబారింది. సుందర్రావు మిగతా నారుని పళ్ళేల్లోకి తీసి డాబా మీద సర్దుతున్నాడు. మా ఇంట్లో అన్నం తినే కంచాలు కూడా పైకే వెళ్ళాయి. ఈవేళ ఆకుల్లో తిన్నాం.

అధ్యక్షులకి ఎట్టకేలకి ఒక ఉపాయం తట్టింది. మనం అడగక్కర్లేదు, వాళ్ళే ఇస్తామనేలా చేద్దామన్నారు. ఇస్తామన్నాక మర్యాదగా రెండుసార్లు వద్దనాలి, మూడోసారి బతిమాలితే కాదనలేక ఒప్పుకోవాలి. మా లంకలో భోజనాల పద్ధతి ఇదే. రెండుసార్లు విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతాం. మూడోసారి తీస్తాం.

సరేనని లోవమ్మగారికి ఫోను చేసి, ఈ మధ్య గాలి సరిగ్గా లేదని మాట కలిపాను. ఆవిడ వెంటనే అందుకున్నారు.

"అయితే మా నుంచి కాస్త తీసుకోండి. మా దగ్గర చాలా ఉందండి."

"అబ్బే, వద్దండి."

"అలాక్కాదండి, మొహమాటపడకండి. మా మరలు ఆటుపోటుకి తిరిగేవి. గాలితో పనిలేదు."

"వద్దండి, మాకు సరిపడా ఉంది."

పక్కన అధ్యక్షులు రెండు వేళ్ళు మడిచి, మూడోది చూపించి తల ఊపారు. నేను మూడో మాట కోసం చూశాను.

"సరేనండీ అయితే. ఇంకేటండీ విశేషాలు?" అన్నారు లోవమ్మగారు.

తరవాత తెలిసింది. పొన్నలంకలో రెండుసార్లు వద్దన్న మనిషిని మూడోసారి బలవంతం చేస్తే ఇబ్బంది పెట్టినట్టట. మధ్యలో ఉన్నది అరమైలు నీళ్ళు. ఇటు మూడు, అటు రెండు. ఈ తేడాతో ఒక దేశం మునిగిపోయేలా ఉంది.

శ్రావణ బహుళ ద్వాదశి, శుక్రవారం

ఆఖరి శ్రావణ శుక్రవారం కావడంతో ఇల్లంతా నానిన శనగలే. పక్కింటివాళ్ళు ఇచ్చినవి, వెనకింటివాళ్ళు ఇచ్చినవి, నేను ఇచ్చినవే ఎక్కడెక్కడో తిరిగి మళ్ళీ నా దగ్గరికే వచ్చినవి. సుందర్రావు శనగలంటే పారిపోతున్నాడు.

సాయంత్రం అధ్యక్షులవారి భార్య పేరంటానికి పిలిచారు. ఆవిడ కొంగు కప్పిన పళ్ళెం నా చేతికిస్తూ, "ఇస్తినమ్మ వాయనం," అన్నారు. "పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నాను. ముమ్మారూ అయ్యాక, "నా వాయనం అందుకున్నదెవరు?" అని అడిగారు. "నేనే లక్ష్మీదేవిని," అన్నాను, ఏటా అనేదే. అంటూనే పళ్ళెం పట్టుకుని గుమ్మంలో అలా నిలబడిపోయాను. వెనకున్నావిడ శనగల పళ్ళెంతో నన్ను పొడుస్తోంది.

ఈ లంకల్లో ఇంతవరకూ వాయనం వద్దన్న మనిషి లేదు. పుచ్చుకున్నందుకు తలవంపులని ఎవరూ అనుకోలేదు. ఇంట్లో బస్తాడు శనగలున్నా పుచ్చుకుంటాం.

అధ్యక్షులు వసారాలో ఉన్నారు. పళ్ళెంతోనే వెళ్ళి చెప్పాను. అమావాస్య నాడు పొన్నలంక నుంచి కరెంటు వాయనంగా పుచ్చుకుందాం అని. ఆయన మొహం ఎర్రబడింది. నోరు తెరిచేలోపు లోపల్నుంచి వాళ్ళావిడ అందుకున్నారు.

"పుచ్చుకునేది అమ్మవారండీ. మధ్యలో మీరెవరు?"

ఆయన ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసుకున్నారు. పేరంటాల్లో మగవాళ్ళకి ప్రవేశం లేదు కాబట్టి ప్రభుత్వానికి కూడా లేదని తేల్చారు. "నాకు తెలీదన్నమాట," అని కండువా దులుపుకుని లేచారు. పదేళ్ళలో ఆయన చేసిన విదేశాంగ నిర్ణయం అదొక్కటే.

శ్రావణ అమావాస్య

పోలాల అమావాస్య. మధ్యాహ్నానికే గాలి చచ్చిపోయింది. సాయంత్రం పోటు మొదలయ్యేసరికి ఒక్క పంపు మూలుగుతోంది. పల్లపువీధిలో నీళ్ళు పాదం దాటాయి. సుందర్రావు ఫోను చేసి, డాబా మీద చోటు అయిపోయిందనీ, ఇంకా సగం నారు మడిలోనే ఉందనీ చెప్పాడు. ఆ మనిషి గొంతు అలా వణకడం నేనెప్పుడూ వినలేదు.

లోవమ్మగారికి ఫోను కలిపాను.

"ఈవేళ పోలాల అమావాస్య కదండీ. మీరు వాయనం ఎవరికిస్తున్నారు?"

ఆవిడ తెలివైన మనిషి.

"మీకేనండి," అన్నారు. "ఎప్పట్నించో మీకే ఇద్దామని. మీరే చెయ్యి అడ్డం పెడతన్నారు."

స్టూలెక్కి లక్ష్మీదేవి పటం దించి కుర్చీలో కూర్చోబెట్టాను. వెనక మీట మీద ఎన్నేళ్ళదో గంధం గట్టిపడి ఉంది. గోటితో గీకాను.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

మూడోసారికి మీట నొక్కాను. టవరు లైను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఝుమ్మంది.

"నా వాయనం అందుకున్నదెవరు?"

"నేనే లక్ష్మీదేవిని," అన్నాను, చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని, గంధం గోళ్ళతో.

మూడు పంపులూ లేచాయి. ఎంత ఇవ్వగలరని అడిగితే, "ఎంత కావాలంటే అంత తీసుకోండి. బోలెడుందండి. మేం ఇందాకే తోడేసుకున్నాం," అన్నారు. పల్లపువీధిలో నీళ్ళు దిగడం మొదలైందని సుందర్రావు ఫోనులో కేకేసి చెప్పాడు. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. గట్టెక్కి పొన్నలంక వైపు తిరిగి దణ్ణం పెట్టుకుందామని వెళ్ళాను.

పొన్నలంక కనబడలేదు. దీపాలు పెట్టే వేళ దాటింది, అక్కడ ఒక్క దీపం లేదు. మిగిలిన మునిమాపు వెలుతురులో కళ్ళు చిట్లించి చూస్తే గట్టు మీద గొడ్లు, మనుషులు, మూటలు. కింద ఇళ్ళు వదిలేసి పైకి ఎక్కి ఉన్నారు.

మేం ఇందాకే తోడేసుకున్నాం. తినేసొచ్చానండి. ఆ మాట నేను ఎలా నమ్మానో నాకే తెలీదు. ఈ నదిలో పుట్టినదాన్ని.

పరుగెత్తుకొచ్చి ఫోను ఎత్తాను.

"లోవమ్మగారూ, మీ దీపాలేవండీ?"

"అదా. అమావాస్య కదండీ, పెట్టలేదు."

"అమావాస్యకే కదండీ దీపాలు కావాల్సింది. మీ పంపులు తిరుగుతున్నాయా?"

"తిరిగాయండి, పొద్దున్న."

ఆవిడ వెనక గోడకి నీళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు. ఎవరో బస్తా ఎత్తమని అరుస్తున్నారు. సగం ఇచ్చి సగం ఉంచుకుంటే లెక్క ప్రకారం ఇద్దరికీ సరిపోయేది. కానీ అలా పెట్టడం ఇక్కడ ఎవరికీ చేతకాదు. పెడితే గిన్నె బోర్లించాల్సిందే.

"ఇస్తినమ్మ వాయనం," అన్నాను.

"అదేటండీ, నేనిచ్చిందే కదా. వద్దండి."

"ఇస్తినమ్మ వాయనం."

"వద్దండి సత్యవేణిగారూ. మాకు కడుపు నిండా ఉంది. మీ నారు చూసుకోండి."

"రెండుసార్లు వద్దంటే ఊరుకోవడం మీ లంక పద్ధతండి. మా లంకలో మూడు. ఇస్తినమ్మ వాయనం."

నా దగ్గర మూడో పంపు ఆపాను, రెండోదాన్ని సగానికి తగ్గించాను. అలా మిగిలిన కరెంటు వెనక్కి పంపడానికి ఇచ్చుట మీట మీద చెయ్యి వేసి నిలబడ్డాను. అవతల పుచ్చుకొనుట నొక్కితే గానీ ఇది పారదు. చాచిన పళ్ళెం వెనక్కి తీసుకోవడం ఏ లంకలోనూ లేదు. సుందర్రావు మళ్ళీ ఫోను చేస్తున్నాడు, పక్కనున్న రెండో ఫోను మోగుతోంది. నేను ఎత్తలేదు.

చాలాసేపటికి అవతల మేకు మీంచి ఏదో దించిన చప్పుడు వినబడింది. అద్దం గోడకి తగిలింది.

"పుచ్చుకుంటినమ్మ వాయనం," అన్నారు లోవమ్మగారు, చాలా చిన్నగా.

"నా వాయనం అందుకున్నదెవరు?"

లక్ష్మీదేవినని ఆవిడ అనలేకపోయారు.

"నేనేనండి," అన్నారు. "లోవమ్మని."

భాద్రపద శుద్ధ పాడ్యమి

రెండు లంకల్లోనూ నీళ్ళు చీలమండల దాకా వచ్చి ఆగాయి. మడిలో మిగిలిన నారు మూడు వంతులు పోయింది. డాబా మీదది బతికింది. వచ్చే ఏడు పలచగా అయినా అన్నం ఉంటుంది. మూడో పంపు ఎవరు ఆపారని సుందర్రావు అడిగాడు. నేనేనని చెప్పాను. పొన్నలంక వైపు చూసి, కంచాలు కడగడం మొదలెట్టాడు.

మొగలిలంక పొన్నలంకకి కరెంటు ఇచ్చిందని మా అధ్యక్షులు మండలికి కబురు పంపారు. పొన్నలంకే మొగలిలంకకి ఇచ్చిందని వాళ్ళ అధ్యక్షులు పంపారు. మ్యాపులో బాణం ఎటు గీయాలో తెలీక గంగాధరంగారు జ్వరమని పడుకున్నారట.

మధ్యాహ్నం పడవ మీద లోవమ్మగారి తాంబూలం వచ్చింది. ఒక ఆకు తీసి, ఈనె తుంచి, వక్క పెట్టి నమిలాను. ఉప్పగా ఉంది. నీళ్ళతో కడిగి ఇంకోటి నమిలాను. అదీ ఉప్పగానే ఉంది.

కాసేపటికి ఆవిడే ఫోను చేశారు.

"ఆకు అందిందా అండీ? ఎలాగుంది?"

అమృతంలా ఉందండి అనబోయాను. నాలిక చివరిదాకా వచ్చింది.

"ఉప్పగా ఉందండి," అన్నాను.

తరవాత ఆవిడ ముక్కు చీదడం వినబడింది.

"అవునండి. కింది వరసలన్నీ పోయాయి," అన్నారు. "ఎవరికీ చెప్పలేదండి. మీకే చెప్తన్నాను."

"మా నారు కూడా పోయిందండి, మడిలోది చాలా మటుకు."

"అయ్యో," అన్నారు. అలా ఇద్దరం మాకు ఏమేం లేవో ఒక్కొక్కటే చెప్పుకుంటూ కూర్చున్నాం. నా జీవితంలో అంత సుఖంగా ఎప్పుడూ మాట్లాడలేదు. పెట్టేసే ముందు ఒక్కటి అడిగాను.

"లోవమ్మగారూ, ఆ పటం మళ్ళీ మీట మీద తగిలించేశారా?"

"లేదండి. ఎక్కడ పెట్టాలో తెలీక రాత్రి నుంచీ ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను," అన్నారావిడ.